వందన సమర్పణకి గంట లేదు

మీరు నమ్ముతారో లేదో గానీ, ఆ రోజుల్లో మా దివిసీమలో ఒక మనిషి మైకు ముందు నిలబడ్డాడంటే, అతను ఏం చెప్పబోతున్నాడన్నది ఎవరికీ పట్టేది కాదు. ఎవరెవరికి నమస్కారం పెడతాడు, ఏ వరసలో పెడతాడు, ఎవర్ని మర్చిపోతాడు, జనం చెవులు రిక్కించేది దానికోసమే. పెళ్ళిభోజనాల్లో గారె అందకపోయినా సర్దుకుపోయేవాళ్ళు గానీ, వేదిక మీద పేరు అందకపోతే మాత్రం ఊరుకునేవాళ్ళు కాదు. అతిశయోక్తి అనుకోకండి. ఒకసారి మా హైస్కూలు వార్షికోత్సవంలో డ్రిల్లు మాస్టారు కంగారులో మాజీ ప్రెసిడెంటు గారి పేరు చదవడం మర్చిపోయారు. ఆయన నింపాదిగా లేచి, కండువా దులుపుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు. కాసేపటికి ఆయన పాలేళ్ళు వచ్చి షామియానా విప్పడం మొదలుపెట్టారు. (షామియానా ఆయనదే. కుర్చీలూ ఆయనవే. ముఖ్య అతిథిగారు తాగుతున్న సోడా కూడా ఆయన పంపిందేనని తర్వాత తెలిసింది.) ముఖ్య అతిథిగారు నిలబడే సందేశమిచ్చారు. మేమంతా ఎర్రటి ఎండలో కూర్చుని స్వాగత గీతం పాడాం.

అలాంటి గడ్డ మీద నేను వక్తృత్వపు పోటీల్లో పేరు తెచ్చుకున్నానంటే, అది నా గొప్ప కాదు, నా నమస్కారాల గొప్ప. అప్పుడు నేను బందరు కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం. అంశం జనాభా పెరుగుదలైనా, యువతలో క్రమశిక్షణైనా, టీవీ వల్ల లాభనష్టాలైనా నా ఉపన్యాసంలో మొదటి సగం ఒకటే. "వేదికనలంకరించిన సభాధ్యక్షుల వారికి, విజ్ఞులైన న్యాయనిర్ణేతలకు, నా తోటి పోటీదారులకు..." అంటూ చేతులు జోడించి, తల ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిప్పుతూ, ఒక్కొక్కరి దగ్గర ఒక్క క్షణం ఆగి, వాళ్ళ కళ్ళలోకి చూసేదాన్ని. ఆ సరికే న్యాయనిర్ణేతలు వెన్నలా కరిగిపోయేవారు. రెండో సగంలో ఏం చెప్పానో నాకే గుర్తుండేది కాదు, ఇక వాళ్ళకేం ఉంటుంది? మా ఇంట్లో స్టీలు సామానంతా అలా గెలిచిందే. మా నాయనమ్మ అన్నం తినే కంచం పేరు జనాభా పెరుగుదల. మజ్జిగ తాగే గ్లాసు క్రమశిక్షణ. ("ఒసే, ఆ క్రమశిక్షణ కడిగి ఇట్టా పట్రా" అనేది.) వీధిలో నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'మైకు' అనడం మొదలుపెట్టారు. "మైకూ, కాలేజీకా?" "మైకూ, మీ అమ్మకెట్టా ఉంది?" అని అడుగుతుంటే నేను మురిసి ముక్కలైపోయేదాన్ని. ఎంత వెర్రిదాన్నో చూడండి.

అమ్మకెట్టా ఉందని ఎందుకు అడిగేవారంటే, ఆ ఏడాది ఎండాకాలంలోనే అమ్మకి పెద్దాపరేషనైంది. బిందె కాదు కదా, చెంబెడు నీళ్ళు కూడా ఎత్తొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మా సీమలో నీళ్ళకి కరువేమీ లేదు. ఇటు చూస్తే కృష్ణ, అటు చూస్తే కృష్ణ, ఇంకాస్త కిందికి చూస్తే సముద్రం. గొంతు తడుపుకోవడానికి మాత్రం చుక్క దొరకదు. బావిలో నీళ్ళు నోట్లో పోసుకుంటే ఊరగాయ జాడీలో నాలిక పెట్టినట్టుండేది. కాబట్టి ఊరందరికీ పంచాయతీ కుళాయిలే దిక్కు. మా వీధి కుళాయి సరిగ్గా మా ఇంటి అరుగు ఎదురుగా ఉండేది. పొద్దున్నే కాసేపు వదిలేవారు. ఆ కాసేపట్లో నేను బిందెలు పట్టి, మోసి, గంగాళం నింపి, తడిసిన పరికిణీ మార్చుకుని, పులిగడ్డ వంతెన మీదుగా బందరు వెళ్ళే బస్సు వెనక పరిగెత్తి ఎక్కేదాన్ని. (మరి మీ నాన్నగారో అని మీరడగొచ్చు. ఆ రోజుల్లో మగాడు బిందె ఎత్తడమంటే లోకం తలకిందులవడమే. మా నాన్నకి ఆ కుళాయి ఎటు తిప్పితే నీళ్ళొస్తాయో కూడా తెలీదు.)

ఇలా నా చదువు ఆ కుళాయి మీద నడుస్తుండగా, దాన్ని అక్కడి నుంచి తీసి కాలవ అవతల పెట్టాలని సిల్కు మావయ్యకి బుద్ధి పుట్టింది. సిల్కు మావయ్య మా వార్డు మెంబరు. మాకు ఏ వరసా కాడు, ఊరందరికీ మావయ్యే. రోహిణి కార్తెలో కూడా సిల్కు జుబ్బా వేసుకుని, చెమటలు కక్కుతూ నవ్వేవాడు. కాలవ అవతల కొత్తగా డాబా కట్టాడు, మేడ మీద వాటా అద్దెకిచ్చాడు. అద్దెకున్నవాళ్ళు "నీళ్ళేవండీ?" అన్నారు. అంతే, "ప్రజల సౌకర్యార్థం" మా కుళాయిని వాళ్ళ గుమ్మంలోకి మార్చాలని పంచాయతీ మంచినీళ్ళ కమిటీలో ప్రతిపాదన పెట్టేశాడు. చుట్టూ తిరిగి కాలవ వంతెన దాటి బిందెలు మోసుకురావాలంటే బస్సు ఎప్పుడో చల్లపల్లి దాటిపోయి ఉంటుంది. అమ్మ మొయ్యకూడదు, నాయనమ్మ మోకాళ్ళు మొయ్యలేవు, మిగిలింది నేను. "పోన్లే, ఈ ఏడాదికి కాలేజీ ఆపేద్దాం. ప్రైవేటుగా కట్టుకోవచ్చు" అన్నారు నాన్న పేపరు చాటునుంచి. పేపరు దించను కూడా దించలేదు. ఆ రాత్రి నేను అన్నం తినకుండా పడుకున్నాను, ఎవరూ రెండోసారి బతిమాలలేదు కూడా.

సరిగ్గా అప్పుడే మా పంచాయతీకి కొత్త ఈవో గారు వచ్చారు. సన్నగా, కళ్ళద్దాలతో, ఇస్త్రీ నలగని చొక్కాతో ఉండే కుర్రాయన. అంతకుముందు మంచినీళ్ళ కమిటీ సమావేశమంటే నలుగురు పెద్దలు తలుపులు మూసుకుని మిరపకాయ బజ్జీలు తినడమే. ఈయన మాత్రం జనం కూడా రావాలి, మాట్లాడాలి, అదీ పద్ధతిగా మాట్లాడాలి అన్నారు. పద్ధతులన్నీ టైపు కొట్టించి నోటీసు బోర్డుకి అంటించారు. మాట్లాడేవాళ్ళు ముందే పేరివ్వాలిట. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలేనట. రెండో నిమిషానికి ఒక గంట, మూడో నిమిషానికి ఇంకో గంట, ఆ వెంటనే మైకు కట్టేస్తారట. వేదిక వైపే చూసి మాట్లాడాలి, జనం వైపు తిరిగి రెచ్చగొట్టకూడదు. ఎవరినీ పేరు పెట్టి విమర్శించకూడదు. చప్పట్లు, ఈలలు, జిందాబాద్‌లు నిషేధం. చదివిన వాళ్ళంతా "అబ్బో, ఢిల్లీలో పార్లమెంటు కూడా ఇట్టాగే ఉంటదంట" అని పొంగిపోయారు. పాపం ఆ ఈవో గారికి తెలియని సంగతి ఒక్కటే. మా వాళ్ళకి మూడు నిమిషాలంటే గొంతు సవరించుకోవడానికి పట్టే సమయం.

మా వీధి తరఫున ఎవరు మాట్లాడాలన్న చర్చే రాలేదు. "మైకు ఉండగా మనకేంటి?" అన్నారంతా. నేను రెండురోజులు మేడ మీద నడుస్తూ ఉపన్యాసం తయారుచేసి, ఇంట్లోవాళ్ళని చాప మీద కూర్చోబెట్టి వినిపించాను. నాన్న వాచీ పట్టుకున్నారు. నేను చేతులు జోడించి, గొంతు పెంచి, "గౌరవనీయులైన గ్రామ పంచాయతీ ప్రెసిడెంటు గారికి..." అని అందుకున్నాను. మెంబర్లయ్యారు, ఈవో గారయ్యారు, పత్రికా విలేకరులయ్యారు, మాతృమూర్తులయ్యారు. నాయనమ్మ ఆవులించింది.

"ఇంతకీ కుళాయి ఎప్పుడొచ్చిద్దే?"

"వస్తుంది, ఉండు నాయనమ్మా. ముందు అందరికీ నమస్కారం పెట్టాలిగా."

"నువ్వు దణ్ణాలు పెట్టేలోపు వాడు కుళాయి పీక్కుపోతాడే!"

నాన్న వాచీ చూసి, "మూడు నిమిషాలైపోయింది" అన్నారు. ఇన్నేళ్ళు నాకు స్టీలు సామాను తెచ్చిపెట్టిన నమస్కారాల్ని నా చేత్తో నేనే కోసి పారేశాను. "అందరికీ నమస్కారం. మా వీధి కుళాయి తీసేస్తే నా చదువాగిపోతుంది, మా అమ్మ ప్రాణం మీదికొస్తుంది" అని నేరుగా విషయంలోకి దూకేలా మార్చుకున్నాను. ఇప్పుడు చక్కగా సరిపోయింది. నాయనమ్మ కూడా తలూపింది.

సమావేశం పంచాయతీ ఆఫీసు ముందు, షామియానా కింద పెట్టారు. (మాజీ ప్రెసిడెంటు గారి షామియానాయే. అందుకే ఆయన వేదిక మీద, అదీ మొదటి వరసలో ఉన్నారు.) గంటకోసం పక్కనున్న ఎలిమెంటరీ స్కూల్లో పాత ఇనప పట్టా, సుత్తి అరువు తెచ్చారు. ఇదే మొదటి తప్పు. మొట్టమొదటి వక్త కిరాణా కొట్టు బాబాయి. ఆయన కొట్టు ముందు పైపు పగిలి నెలరోజులుగా మడుగైంది, అది చెప్పడానికి వచ్చాడు. వచ్చినవాడు ఉత్త చేతులతో రాలేదు, ప్రెసిడెంటు గారికి శాలువా తెచ్చాడు. శాలువా కవరు ముడి పడిపోయి ఓ పట్టాన ఊడి రాలేదు. ఊడొచ్చాక కప్పాడు. కప్పాక, ఫొటోగ్రాఫరు ఫ్లాషు వెలగలేదని మళ్ళీ తీసి మళ్ళీ కప్పాడు. ఈవో గారు కళ్ళద్దాలు సర్దుకుని టంగుమని గంట కొట్టించారు. ఆ చప్పుడు వినగానే పక్క స్కూల్లో పిల్లలు బడి వదిలేశారనుకుని ఒక్కసారిగా కేకలేసుకుంటూ బయటికొచ్చి మా మీద పడ్డారు. పిల్లల్ని కూర్చోబెట్టేసరికి రెండో గంట. "అయ్యా, నా పైపు..." అన్నాడు బాబాయి. మైకు చచ్చిపోయింది. ఆయన శాలువా వైపు దిగాలుగా చూసుకుంటూ వెళ్ళి కూర్చున్నాడు.

ఆ తర్వాత ట్రాక్టరు బావ. వేదిక వైపే చూడాలన్న రూలు ఈయనకి కంఠతా వచ్చు. కానీ మైకు సెట్టువాడు అలవాటు కొద్దీ మైకుని జనం వైపు తిప్పి పాతాడు. దాంతో ఈయన ఒళ్ళు వేదిక వైపు, మెడ మైకు వైపు పెట్టి, పిండిన తడిబట్టలా మెలికలు తిరుగుతూ మాట్లాడాడు. పైగా పేరెత్తకూడదు కదా. "నీళ్ళు దొంగతనంగా పైపులు బిగించి మళ్ళించుకుంటన్న ఒకానొక పెద్దమనిషి, పేరు చెప్పనండీ, సిల్కు జుబ్బా వేసుకుంటాడు, కొత్త డాబా కట్టాడు, ఇప్పుడు మీకు కుడి పక్క మూడో కుర్చీలో కూర్చుని మొహం తుడుచుకుంటన్నాడు, ఆయన పేరు మాత్రం నేను చచ్చినా చెప్పను!" జనం గొల్లుమన్నారు. చప్పట్లు కొట్టకూడదు కాబట్టి తొడలు చరుచుకున్నారు. "సూచనగా కూడా చెప్పకూడదండీ" అన్నారు ఈవో గారు నీరసంగా. ఇదంతా చూస్తూ నేను లోపల్లోపల ఎగిరి గంతేశాను. వీళ్ళెవరికీ రాని కిటుకు నా దగ్గరుంది. నాకు నమస్కారాల జబ్బు తగ్గిపోయింది.

నా పేరు పిలిచారు. వెళ్ళి నిలబడ్డాను. అమ్మని రావద్దన్నా వచ్చి వెనక దిండేసుకుని కూర్చుంది. ఆవిడ మొహం చూసి గొంతు సవరించుకుని, "అందరికీ నమస్కారం. మా వీధి..." అన్నాను.

"ఏమ్మా మైకూ!" అన్నాడు సిల్కు మావయ్య, చల్లగా నవ్వుతూ. "మన ప్రెసిడెంటు గారు అందరిలో ఒకరంటావా? చదువుకున్న పిల్లవి, పెద్దల్ని సంబోధించడం కూడా చెప్పాలా తల్లీ?"

అంతే. ప్రెసిడెంటు గారి మొహం ముడుచుకుంది. మాజీ ప్రెసిడెంటు గారు తలెత్తి షామియానా వైపు చూశారు. నాకు హైస్కూలు వార్షికోత్సవం, ఆ ఎండ కళ్ళముందు మెదిలాయి. ఒక్క క్షణం ధైర్యం తెచ్చుకుని నా మాట నేను చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ ఇన్నేళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే జోడై పైకి లేచాయి. "గౌరవనీయులైన గ్రామ పంచాయతీ ప్రెసిడెంటు గారికి..." నోరు నా మాట వినలేదు. ఒకరికి చెప్పాక పక్కవాళ్ళకి చెప్పకుండా ఎలా? వాళ్ళకి చెప్పాక చివరివాళ్ళేం పాపం చేశారు? మొదటి గంట మోగేసరికి నేను ఇంకా వేదిక సగంలోనే ఉన్నాను. కంగారులో "విజ్ఞులైన న్యాయనిర్ణేతలకు, నా తోటి పోటీదారులకు" కూడా దణ్ణం పెట్టేశాను. పోటీదారుల్లో ఉన్న కిరాణా కొట్టు బాబాయి మర్యాదగా లేచి ప్రతినమస్కారం చేశాడు. ఆఖరికి అందరూ అయిపోయారు. గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, "మా వీధి కుళా..." అన్నాను. టంగ్.

మైకు ఆగిపోయింది. నేను వెళ్ళి నాయనమ్మ పక్కన కూలబడి, పైట మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఊళ్ళో అందరికంటే బాగా మాట్లాడే పిల్లనని పంపితే, అందరికీ దణ్ణం పెట్టి, నా చదువుకి నేనే దణ్ణం పెట్టేసి వచ్చాను. "ఏడవమాక, ఏడవమాక" అంటూ నాయనమ్మ లేచి మోకాళ్ళు పట్టుకుని మైకు దాకా నడిచింది.

"మీరు పేరిచ్చారాండీ?" అన్నారు ఈవో గారు.

"నా పేరు నీకెందుకు బాబూ, నాకు కావలసింది నీళ్ళు."

"పేరివ్వనిదే మాట్లాడకూడదండీ. రూలు."

"సచ్చినోడి రూలు!" అంటూ నాయనమ్మ వెనక్కి వచ్చింది. (ఈవో గారినే అందో, రూలునే అందో మేమెవరం అడగలేదు.) ఇంతలో ఈవో గారు కాగితాలు సర్దుకుని, కుళాయి మార్పు మీద అభ్యంతరాలేమీ రాలేదు కాబట్టి తీర్మానం లోపల కూర్చుని రాసుకుంటామని ప్రకటించారు. సిల్కు మావయ్య జుబ్బా జేబులోంచి పెన్ను కూడా తీశాడు. అమ్మ నా వైపు చూసి, "పోన్లేవే, ప్రైవేటుగానే కడదాం" అంది నెమ్మదిగా. ఆ మాట నాన్న అంటే కోపమొచ్చింది, అమ్మ అంటే భరించలేకపోయాను.

ప్రెసిడెంటు గారు శాలువా సర్దుకుని లేవబోతూ ఆగారు. "అదేంటయ్యా, వందన సమర్పణ లేకుండా లేచిపోతన్నాం? ఎవరు చేస్తన్నారు?" మీకు తెలుసుగా, మా వైపు ఏ సభైనా సరే, వందన సమర్పణ అయ్యి, జనగణమన పాడితేనే అయినట్టు. అది లేకుండా లేస్తే అన్నం తిని చెయ్యి కడుక్కోనట్టే లెక్క. కానీ దాన్ని చెయ్యడానికి మాత్రం ఎవడూ ముందుకు రాడు, అప్పటికే సగంమంది చెప్పులు వెతుక్కుంటుంటారు కాబట్టి. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నారు. నాయనమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. పొడిచి, గొంతెత్తి, "ఈవో బాబూ! దీనిక్కూడా గంట కొడతారా?" అని అరిచింది.

ఈవో గారు తన టైపు కాగితం పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదువుకున్నారు. తిరగేసి వెనక కూడా చూశారు. "వందన సమర్పణ గురించి రూల్సులో ఏమీ లేదండీ" అన్నారు.

నేను ఎలా లేచానో, మైకు దగ్గరికి ఎలా వెళ్ళానో నాకు తెలీదు. మైకు ఎలాగూ జనం వైపే ఉంది, ఈసారి నేనూ జనం వైపే తిరిగాను. కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టాను. "ముందుగా, మా వీధి కుళాయి ఉన్నచోటే ఉంటుందని పెద్ద మనసుతో నిర్ణయించిన మన ప్రెసిడెంటు గారికి మా వీధి ఆడపడుచుల తరఫున ధన్యవాదాలు తెలుపుకుంటున్నాను!" ప్రెసిడెంటు గారు అలాంటి నిర్ణయమేదీ చెయ్యలేదు. కానీ పేరు వినపడగానే, ఇన్నేళ్ళ అలవాటు కదా, చేతులు వాటంతటవే జోడై పైకి లేచాయి, మొహం నిండా నవ్వొచ్చేసింది. (నాకొక్కదానికేనా ఆ జబ్బు?) జనం చప్పట్ల మోత మోగించారు. ఈవో గారు నిషేధం అని చెప్పబోయి, కాగితం చూసి ఊరుకున్నారు. నాకు ఊపొచ్చింది. "కుళాయి కాలవ అవతలికి పోతే, ఆపరేషనైన ఒక తల్లి బిందె మొయ్యాల్సొస్తుందనీ, ఒక ఆడపిల్ల కాలేజీ మానెయ్యాల్సొస్తుందనీ గ్రహించి, సొంత డాబా గుమ్మంలోకి రాబోతున్న కుళాయిని సైతం వద్దనుకుని, తన ప్రతిపాదనని తానే వెనక్కి తీసుకున్న త్యాగమూర్తి, మన వార్డు మెంబరు మావయ్య గారికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను!"

"అదేంటమ్మా, నేనెప్పుడు..." అంటూ సిల్కు మావయ్య లేచాడు.

"కూర్చోండి మెంబరు గారూ" అన్నారు ఈవో గారు. "మధ్యలో మాట్లాడ్డానికి మీరు పేరివ్వలేదు."

షామియానా ఎగిరిపోయేలా నవ్వారు జనం. ప్రెసిడెంటు గారు కూడా నవ్వారు. ఇక నన్ను ఆపేవాళ్ళెవరు? కొట్టు ముందు పైపు రేపే బాగుచేయిస్తామన్నందుకు థ్యాంక్స్ చెప్పాను. (కిరాణా బాబాయి లేచి కంటతడి పెట్టుకుని మళ్ళీ ప్రతినమస్కారం చేశాడు.) దొంగ పైపులు పీకించేస్తున్నందుకు చెప్పాను. షామియానా ఇచ్చినందుకు మాజీ ప్రెసిడెంటు గారికి రెండుసార్లు చెప్పాను. మైకు సెట్టుకి, ఇనప పట్టాకి, సుత్తికి, ముందే బడి వదిలించుకున్న పిల్లలకి, గ్లాసులు కడిగినావిడకి, ఒక్కర్ని వదల్లేదు. నమస్కారాల్లో నా అంత అనుభవం ఉన్నవాళ్ళు ఆ తాలూకాలో లేరు కదా. అంతా అయ్యాక ఊపిరి తీసుకోకుండా "జనగణమన" అందుకున్నాను. అందరితోపాటు సిల్కు మావయ్య కూడా లేచి, చేతులు ఒంటికి ఆనించుకుని నిలబడక తప్పలేదు. నోరు మాత్రం పాట పాడలేదు, ఏదో గొణుగుతోంది.

తీర్మానం రాసేటప్పుడు ప్రెసిడెంటు గారు, "అంతమందిలో దణ్ణం పుచ్చుకున్నాక ఇప్పుడు కాదంటే ఏం బాగుంటది?" అన్నారట. కుళాయి మా అరుగు ముందే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న నేను బిందె పెడుతుంటే సిల్కు మావయ్య మోపెడ్ మీద పోతూ ఆగి, "ఏం మైకూ, నాకు తెలీకుండా నా చేత త్యాగం చేయించావు గదే!" అన్నాడు. తిడతాడనుకున్నాను, నవ్వేశాడు. ఆ తర్వాతి ఎన్నికల్లో కరపత్రంలో 'ఆడపిల్లల చదువు కోసం సొంత కుళాయిని వదులుకున్న నాయకుడు' అని అచ్చేసుకుని, మునుపటికంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడు కూడా. ఈవో గారు మాత్రం మర్నాడే నోటీసు బోర్డు మీది కాగితానికి అడుగున పెన్నుతో ఒక వాక్యం చేర్చారు. వందన సమర్పణకి ఒక్క నిమిషమట. నేను బస్సెక్కి కాలేజీకి వెళ్ళాను, డిగ్రీ పూర్తిచేశాను, ఆ తర్వాత పై చదువులు చదివి గుడివాడలో లెక్చరర్నయ్యాను. ఇప్పటికీ ఎవరైనా నా చదువు గురించి అడిగితే ముందు గుర్తొచ్చేది కాలేజీ కాదు, ఆ ఇత్తడి కుళాయే.

మొన్నామధ్య మా పంచాయతీవాళ్ళు మంచినీళ్ళ కమిటీ సమావేశానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. ఊరి ఆడపడుచునట. పట్టుచీర కట్టుకుని, మొదటి వరసలో, ప్రెసిడెంటు పక్కన కూర్చున్నాను. ఆ టైపు కాగితం ఇప్పుడు గోడ మీద రంగుల్లో రాసి ఉంది, అడుగున పెన్నుతో చేర్చిన వాక్యంతో సహా. మా వీధి నుంచి ఒక పిల్ల మాట్లాడటానికి లేచింది. జీన్స్ ప్యాంటు, చేతిలో సెల్‌ఫోను. నేను ఎందుకైనా మంచిదని ఒళ్ళో చేతులు సగం జోడించి, నవ్వు తయారుగా పెట్టుకున్నాను. ఆ పిల్ల ఎవరికీ నమస్కారం పెట్టలేదు. "మా వీధిలో ఒక పాత కుళాయి ఉందండీ. నీళ్ళొచ్చి ఏళ్ళైంది, అందరూ క్యాన్లే కొనుక్కుంటున్నారు. ఆటో తిరగడానికి అడ్డం. మొన్న మా తాతయ్య దానికి తగిలి పడ్డారు. తీసెయ్యండి" అని, మొదటి గంటైనా కొట్టకముందే వెళ్ళి కూర్చుంది. నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసాండీ? 'నా పేరు చెప్పలేదే!' అని. సగం జోడించిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలీక గాజులు సర్దుకున్నాను. కుళాయి సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పొక్కటి లేదు. తీసేస్తామని ప్రెసిడెంటు అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

వందన సమర్పణ నన్నే చెయ్యమన్నారు. లేచి మైకు దగ్గరికి నడిచాను. ఆ కుళాయి గురించి చెబుదామనుకున్నాను. అది నన్ను బస్సెక్కించిందని, తీసేటప్పుడు కాస్త మర్యాదగా తీయమని, దానికి కూడా ఒక ధన్యవాదం చెబుదామని. ముందు ప్రెసిడెంటు గారికి చెప్పాను. మెంబర్లకి చెప్పాను. షామియానా ఇచ్చిన మాజీ ప్రెసిడెంటు గారి మనవడికి చెప్పాను. ఆఖరికి ఊపిరి పీల్చుకుని, "మా వీధి కుళా..." అన్నాను. టంగ్. మైకు ఆగిపోయింది. ముందు వరసలో ఆ పిల్ల మర్యాదకి చప్పట్లు కొట్టింది.

ఇంటికెళ్తే అమ్మ క్యాన్ లోంచి నీళ్ళు వంచి, సొట్టలు పోయిన క్రమశిక్షణ గ్లాసులో ఇస్తూ, "కుళాయి గురించి చెప్పావా?" అంది. "చెప్పబోయానమ్మా, గంట కొట్టేశారు" అన్నాను. అమ్మ నవ్వాపుకోలేక గోడకి ఆనుకుంది, నేనూ నవ్వాను. నాయనమ్మ ఉంటే బాగుండునని ఆ ఒక్క క్షణం ఎంత అనిపించిందో చెప్పలేను. "ముందు అందరికీ దణ్ణాలు పెట్టమని నిన్నెవడేడిశాడే?" అని తిట్టేది.